నవల చెప్పకుండా వదిలేసినదాన్ని సినిమా ఎందుకు చెప్పేస్తుంది?

మీరు రెండు ప్రశ్నలు అడిగారు. గొప్ప నవలల మీద తీసిన సినిమాలు ఎక్కువసార్లు నిరాశపరుస్తాయి కదా, నవల పెద్దది, సినిమా చిన్నది కావడమేనా కారణం? ముందు నవల చదవాలా, సినిమా చూడాలా? నవలల్ని స్క్రీన్‌ప్లేలుగా మార్చే పనిలో, ఆ పని నేర్పడంలో చాలాకాలంగా ఉన్నాను కాబట్టి మొదటిదానికి కాస్త విపులంగానే జవాబు చెబుతాను. అది తేలితే రెండోదానికి జవాబు కష్టం కాదు.

నిడివి అసలు కారణం కాదు. నిడివి వల్ల దెబ్బతిన్న సినిమాలు లేకపోలేదు. ఫ్రాంక్ నోరిస్ నవల 'మెక్‌టీగ్'ని ఎరిక్ వాన్ స్ట్రోహైమ్ 1924లో 'గ్రీడ్' పేరుతో తీసినప్పుడు మొదటి కూర్పు ఎనిమిది గంటల దాకా వచ్చింది. స్టూడియో దాన్ని రెండున్నర గంటల లోపుకు నరికేసింది, తీసేసిన భాగం మళ్ళీ దొరకలేదు. దొస్తొయెవ్‌స్కీ 'ఇడియట్'ని కురసావా 1951లో నాలుగు గంటలకు పైగా తీస్తే, అది జనంలోకి వచ్చేసరికి రెండు గంటల ముప్పావు అయింది. ఈ రెండు సినిమాల్లో కోతలు స్పష్టంగా తెలుస్తాయి. అయితే మనం మామూలుగా "నవలని పాడుచేశారు" అని బాధపడే సినిమాలు ఇలాంటివి కావు. అవి కోసినందుకు కాక, చేర్చినందుకు పాడైనవి. నవల కావాలనే ఖాళీగా వదిలిన చోటుని సినిమా నింపేసింది. నా అనుభవంలో నిరాశకి నూటికి తొంభై పాళ్ళు కారణం ఇదే.

'వదరింగ్ హైట్స్' చూడండి. ఎమిలీ బ్రాంటీ నవల 1847లో వచ్చింది. విలియం వైలర్ 1939లో సినిమా తీసినప్పుడు దాదాపు సగం నవల వదిలేశాడు. కేథీ కూతురు, హీత్‌క్లిఫ్ కొడుకు, ఆ రెండో తరం కథ మొత్తం సినిమాలో లేదు. అంత పెద్ద కోత పడినా మిగిలిన కథ నిలబడింది, మనసుకి పట్టింది కూడా. దెబ్బ పడింది చివరి షాట్‌లో. చనిపోయిన ప్రేమికులు హీత్‌క్లిఫ్, కేథీల ఆత్మలు కలిసి మంచులో నడిచి వెళ్ళిపోతున్నట్టు చూపించారు.

నవలలో ఈ విషయం ఎలా ఉందో గుర్తు చేసుకోండి. గొర్రెలు తోలుకెళ్తున్న ఒక పిల్లవాడు దారిలో ఏడుస్తుంటాడు. హీత్‌క్లిఫ్, ఒక ఆడమనిషి అక్కడ ఉన్నారు, నేను వాళ్ళని దాటుకుని వెళ్ళను అంటాడు. కథ చెప్తున్న నెల్లీ అదంతా వాడి ఊహ అంటుంది, కానీ చీకటి పడ్డాక బయట తిరగడం తనకీ ఇష్టం లేదని ఒప్పుకుంటుంది. ఆ తర్వాత, ఆమె చెప్పే కథ వింటున్న లాక్‌వుడ్ వెళ్ళి మూడు సమాధుల దగ్గర నిలబడతాడు. పురుగులు ఎగురుతుంటాయి, గడ్డిలో గాలి మెల్లగా వీస్తుంటుంది. ఇంత ప్రశాంతమైన నేలలో పడుకున్నవాళ్ళకి నిద్ర పట్టడం లేదని ఎవరైనా ఎలా అనుకుంటారు అని అతనికి ఆశ్చర్యం. వాళ్ళ ఆత్మలు తిరుగుతున్నాయా, శాంతించాయా? పిల్లవాడి మాట నమ్మాలా, లాక్‌వుడ్ మాట నమ్మాలా? బ్రాంటీ తేల్చదు. ఆ తేల్చకపోవడమే నవల ముగింపు. సినిమా ఒక్క షాట్‌తో తేల్చేసింది. వైలర్ ఆ షాట్ తీయనన్నాడు. నిర్మాత గోల్డ్విన్ వేరేవాళ్ళ చేత, డూప్‌లని పెట్టి తీయించి అతికించాడు. రెండో తరం లేకపోయినా నేను సర్దుకుంటాను గానీ ఆ షాట్‌ని మాత్రం క్షమించలేను.

ఇంకా మనకి దగ్గరి ఉదాహరణ ఆర్.కె. నారాయణ్ 'ది గైడ్'. నవల 1958లో వచ్చింది, విజయ్ ఆనంద్ హిందీ సినిమా 1965లో. 'గైడ్' మీద ప్రేమ ఉన్నవాళ్ళు చాలామంది ఉంటారు. ఎస్.డి. బర్మన్ పాటలు, వహీదా రెహమాన్ నాట్యం, వీటి మీద నాకూ అంతే ప్రేమ. కానీ నవలని పక్కన పెట్టుకుని చూస్తే అందులో జరిగిన మార్పు ఎంత పెద్దదో తెలుస్తుంది. మాల్గుడి పోయి రాజస్థాన్ వచ్చినందుకు నాకు పెద్దగా బాధ లేదు. బాధంతా రోజీ భర్త మార్కో విషయంలో, ముగింపు విషయంలో.

నవలలో మార్కో దుర్మార్గుడు కాడు. గుహల్లోని పాత చిత్రాలంటే పిచ్చి, భార్య పక్కన ఉందన్న ధ్యాస ఉండదు, అంతే. రోజీ టూరిస్టు గైడ్ రాజుకి దగ్గరవడానికి బలమైన సాకేదీ నారాయణ్ ఇవ్వడు. ఆమెకి నాట్యం కావాలి, తనని పట్టించుకునే మనిషి కావాలి. చదివేవాడు ఆమెని తప్పుపట్టనూ లేడు, పూర్తిగా సమర్థించనూ లేడు. సినిమాలో మార్కో పరాయి స్త్రీతో ఉండగా రోజీ చూస్తుంది. దాంతో ఆమెకి ఒక కారణం, మనకి ఒక విలన్ దొరికారు. ప్రేక్షకుడికి ఇక ఇబ్బంది లేదు. కానీ ఆ ఇబ్బందిలోనే రోజీ ప్రాణం ఉంది.

ఇక ముగింపు. దొంగ సంతకం చేసి జైలుకెళ్ళి వచ్చిన రాజుని ఊళ్ళోవాళ్ళు స్వామి అనుకుంటారు, వాన కోసం అతను ఉపవాసం ఉన్నాడని నమ్ముతారు. మొదట తిండి కోసం తహతహలాడిన రాజు, ఒక దశలో జీవితంలో మొదటిసారి తనకేమీ లాభం లేని పని మనస్ఫూర్తిగా చేయాలనుకుంటాడు. చివరి ఉదయం అతన్ని పట్టుకుని నదిలోకి దించుతారు. కొండల్లో వాన పడుతోంది వేలన్, నా కాళ్ళ కింద నుంచి పైకి వస్తున్నట్టు తెలుస్తోంది అంటూ ఒరిగిపోతాడు. అక్కడితో నవల అయిపోయింది. వాన పడిందా? చనిపోయాడా? అతను నిజంగా స్వామి అయ్యాడా, లేక ఆకలికి సొమ్మసిల్లిన మనిషికి కలిగిన భ్రమా? నారాయణ్ నవలంతా నడిపింది మనల్ని ఈ ప్రశ్న దగ్గరికి తీసుకురావడానికే. సినిమాలో కుండపోతగా వాన కురుస్తుంది, జనం పరవశిస్తారు, రాజు కన్నుమూస్తాడు. అంతకుముందే దేహం, ఆత్మ గురించిన మాటలు అన్ని సందేహాలకీ జవాబు చెప్పేస్తాయి. మోసగాడు మహాత్ముడయ్యాడన్నది సినిమా తీర్పు. నారాయణ్ తన బాధ దాచుకోలేదు, 'మిస్‌గైడెడ్ గైడ్' అని వ్యాసమే రాశారు. మీరు నవల చివరి రెండు పేజీలు చదివి, వెంటనే ఆ క్లైమాక్స్ చూస్తే ఆయన ఎందుకంత బాధపడ్డారో అర్థమవుతుంది.

ఇప్పుడు ఒకే ఖాళీని ఇద్దరు దర్శకులు ఏం చేశారో చూడండి. దేవదాసు అంటే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది శరత్ నవల కాదు, 1953 నాటి నాగేశ్వరరావు, సావిత్రి. ఆ నవలని మన దేశంలో ఎన్ని భాషల్లో, ఎన్నిసార్లు తీశారో! శరత్ నవలలో పార్వతి, చంద్రముఖి ఎప్పుడూ కలుసుకోరు. ఒకే మనిషిని ప్రేమించిన ఆ ఇద్దరి మధ్య అంత దూరం ఉంచాడు రచయిత. 1955లో బిమల్ రాయ్ వాళ్ళిద్దర్నీ దారిలో ఎదురుపడేలా చేశాడు. ఒకరినొకరు చూసుకుంటారు. ఒక్క మాట ఉండదు. ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతారు. ఇది నవలలో లేదు, అయినా నవలకి ద్రోహం అనిపించదు, ఎందుకంటే వాళ్ళ మధ్య దూరం ఎంతో ఆ చూపు వల్ల మనకి ఇంకా బాగా తెలిసింది. 2002లో సంజయ్ లీలా భన్సాలీ అదే ఇద్దరిచేత కలిసి నాట్యం చేయించాడు. పాట అద్భుతం, సెట్ అద్భుతం, ఇద్దరు నటీమణులూ అద్భుతం. శరత్ కట్టిన దూరం మాత్రం అక్కడ లేదు.

కాబట్టి చేర్చిన ప్రతిదీ తప్పని నేననడం లేదు. పి.సి. బారువా 1935లో తీసిన 'దేవదాస్' చివర పార్వతి పరిగెత్తుకొస్తుంటే పెద్ద తలుపులు మూసుకుంటాయి. నవలలో ఆ తలుపులు లేవు. పార్వతి పరిగెడుతుంది, పిచ్చెత్తిందంటూ పట్టుకుంటారు, స్పృహ తప్పుతుంది, అంతే. బారువా చేర్చిన తలుపులు దేన్నీ వివరించవు, కథలో ఉన్న నిర్బంధాన్ని కంటికి కనిపించేలా చేస్తాయి. నవలలో ఉన్నదాన్నే చూపించడానికి చేర్చడం ఒకటి, నవల చెప్పనన్నదాన్ని చెప్పడానికి చేర్చడం ఇంకొకటి. స్క్రీన్‌ప్లే రాసేవాళ్ళకి నేను ముందుగా చెప్పేది ఈ తేడానే.

కొన్నిసార్లు ఈ నింపడం చాలా చిన్నగా ఉంటుంది, చూసేవాడికి తెలియనే తెలియదు. 1940 నాటి 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో డార్సీ బంధువు లేడీ కేథరిన్ ఎలిజబెత్‌ని బెదిరించడానికి వచ్చే సీన్ అలాంటిది. నవలలో ఆవిడ నిజంగానే పెళ్ళి ఆపడానికి వస్తుంది. డార్సీని చేసుకోనని మాట ఇమ్మంటే ఎలిజబెత్ ఇవ్వనంటుంది. ఆవిడ కోపంగా వెళ్ళి ఆ సంగతి డార్సీకి చెబుతుంది. ఆశ వదులుకున్న డార్సీకి మళ్ళీ ఆశ పుట్టేది అలా. అహంకారంతో చేసిన పని తనకే ఎదురుతిరిగింది, జేన్ ఆస్టిన్ ఆ మాట ఎక్కడా నొక్కి చెప్పదు. సినిమాలో ఆవిడ డార్సీ తరఫునే ఎలిజబెత్‌ని పరీక్షించడానికి వచ్చినట్టు మార్చారు. ఆవిడ మంచిదైపోయింది, అందరూ సంతోషం, ఆస్టిన్ వ్యంగ్యం పోయింది.

1931 నాటి 'ఫ్రాంకెన్‌స్టైన్' గొప్ప సినిమా, బోరిస్ కార్లాఫ్ ముఖాన్ని ఎవరూ మరిచిపోలేరు. అయినా మేరీ షెల్లీ 1818 నవలకి అది చేసిన అన్యాయం మామూలుది కాదు. నవలలో ఫ్రాంకెన్‌స్టైన్ అనే శాస్త్రవేత్త తయారుచేసిన ప్రాణి చదువుకుంటుంది, మిల్టన్‌ని చదువుతుంది, తన బాధని వాదించి చెబుతుంది. ప్రపంచం తనని అసహ్యించుకున్నందుకే తను క్రూరంగా మారానంటుంది. అది నిజమా, సాకా అన్నది మనకే వదిలేస్తుంది షెల్లీ. సినిమాలో సహాయకుడు పొరపాటున నేరస్తుడి మెదడు తెస్తాడు. అంటే తప్పు మెదడుది. మనుషుల మీద నింద పోయింది, ప్రశ్న పోయింది, ఆ ప్రాణికి మాట కూడా పోయింది.

'ది గ్రేట్ గాట్స్‌బీ' సంగతి మరీ విచిత్రం. నవలలో గాట్స్‌బీ, డెయిజీ మళ్ళీ కలిశాక వాళ్ళ మధ్య జరిగిందేమీ మనకి కనిపించదు. నౌకర్లని మాన్పించాను, డెయిజీ మధ్యాహ్నాలు తరచూ వస్తోంది అని గాట్స్‌బీ ఒక్క ముక్క చెబుతాడు, అంతే. ఎందుకంటే కథ చెప్పేది నిక్. అతను చూడనిది మనమూ చూడం. ఐదేళ్ళు కలగన్న మనిషికి ఆ కల దక్కాక ఎలా ఉందో మనం ఊహించుకోవాలి, ఊహించుకుంటే భయం వేస్తుంది. 1974 సినిమా ఆ ప్రేమికుల్ని దగ్గరుండి చూపించింది. రాబర్ట్ రెడ్‌ఫోర్డ్, మియా ఫారో అంతటి తారలు ఉన్నప్పుడు వాళ్ళిద్దరికీ సీన్లు కావాలి కదా. ఆ సీన్లలో వాళ్ళు మామూలు ప్రేమికులైపోయారు. 2013 సినిమా ఇంకో దారి పట్టింది. నిక్‌ని శానటోరియంలో పెట్టి, డాక్టర్ రాయమంటే ఈ కథ రాస్తున్నట్టు చూపించింది. అతను ఎందుకు రాస్తున్నాడో ఫిట్జెరాల్డ్‌కి చెప్పాలనిపించలేదు, సినిమాకి చెప్పకపోతే తోచలేదు.

1995 నాటి 'ది స్కార్లెట్ లెటర్' గురించి ఎక్కువ చెప్పను. హాథార్న్ నవల పాపం జరిగిపోయాక, హెస్టర్ బిడ్డతో జైలు గుమ్మం దాటుతుండగా మొదలవుతుంది. సినిమా ఆ పాపాన్నే ముందు తీరిగ్గా చూపించి, చివర్లో ఆమె ప్రియుడు డిమ్స్‌డేల్‌ని బతికించి హెస్టర్‌తో పంపించేసింది.

మరి ఇంత తెలివైనవాళ్ళు ఎందుకిలా చేస్తారు? స్క్రిప్ట్ చర్చల్లో కూర్చున్నవాళ్ళకి జవాబు తెలుసు. ఆ గదిలో అందరి నోటా వినిపించే ప్రశ్న, "వాడు అలా ఎందుకు చేస్తాడు?" మంచి ప్రశ్నే. కానీ ప్రతి చోటా దానికి జవాబు రాసి తీరాలన్న టెన్షన్ మొదలైతే నవల చచ్చిపోతుంది. డబ్బు పెట్టేవాళ్ళకి ప్రేక్షకుడు అయోమయంతో బయటికి వస్తాడన్న భయం. 1927లో 'అన్నా కరేనినా'ని 'లవ్' పేరుతో మూకీగా తీసినప్పుడు అమెరికా థియేటర్ల కోసం సుఖాంతం కూడా సిద్ధం చేసి పెట్టారు. కొన్నిసార్లు నిబంధనలే ఒప్పుకోవు. 'రెబెకా' నవలలో మాక్సిమ్ మొదటి భార్యని కాల్చి చంపుతాడు. 1940లో హిచ్‌కాక్ తీసేనాటికి హాలీవుడ్ ప్రొడక్షన్ కోడ్ ప్రకారం హంతకుడు శిక్ష లేకుండా తప్పించుకోకూడదు. అందుకని ఆవిడ పడిపోయి తలకి దెబ్బ తగిలి చనిపోయిందన్నారు. దాంతో నవలలో అన్నిటికన్నా భయంకరమైన క్షణం పోయింది. నా భర్త హంతకుడు అని విన్న అతని రెండో భార్య మనసులో మొదట కలిగేది భయం కాదు, అతను రెబెకాని ప్రేమించలేదన్న ఆనందం! సినిమాలో భర్త నిర్దోషి కాబట్టి ఆ ఆనందంలో విషం లేదు.

ఈ మధ్య వస్తున్న సినిమాల్లో నింపడం మాటలతో జరుగుతోంది. 2022లో వచ్చిన 'పర్స్వేషన్'లో ఆన్ ఎలియట్ కెమెరా వైపు తిరిగి మనతో మాట్లాడుతుంది, అందరి మీదా జోకులేస్తుంది. ఆస్టిన్ నవలలో ఆన్ ఇంట్లో ఎవరూ మాట వినని మనిషి. ఎనిమిదేళ్ళ కింద వద్దనుకున్న వెంట్‌వర్త్ అదే గదిలో ఉంటాడు. ఆమె జబ్బు పిల్లవాడి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఉంటే వాడి రెండేళ్ళ తమ్ముడు వీపెక్కి వదలడు. ఉన్నట్టుండి ఎవరో వాడి చేతులు మెడ మీంచి విడదీసి ఎత్తుకెళ్తారు. అది వెంట్‌వర్త్. ఆమె థాంక్స్ కూడా చెప్పలేకపోతుంది. నవలంతా ఆ చెప్పలేకపోవడమే. ఆమెకి మనం అనే స్నేహితుల్ని ఇచ్చి, మనసులో ఉన్నదంతా కక్కించేస్తే ఇక మిగిలేదేంటి? 1995లో బీబీసీకి రోజర్ మిషెల్ తీసిన 'పర్స్వేషన్' చూడండి. అమాండా రూట్ మేకప్ పెద్దగా లేని ముఖంతో, చాలా తక్కువ మాటలతో ఆన్‌ని మన ముందు నిలబెట్టింది.

సినిమాకి మనసు లోపలి సంగతి చెప్పడం చేతకాదన్న వాదన మీరు వినే ఉంటారు. అందులో కొంత నిజం ఉంది. డాషియల్ హామెట్ 'ది మాల్టీస్ ఫాల్కన్'లో రచయిత ఎవరి మనసులోకీ వెళ్ళడు. చూసింది, విన్నది మాత్రమే రాస్తాడు. అందుకే జాన్ హస్టన్ 1941లో దాన్ని దాదాపు ఉన్నదున్నట్టుగా తీసి గెలిచాడు. మనసులో నడిచే నవలకి అంత సులువైన దారి లేదు. లేదని మాటలతో పూడ్చేయాలా?

సత్యజిత్ రాయ్ ఏం చేశాడో చూడండి. బిభూతిభూషణ్ 'పథేర్ పాంచాలి'ని ఆయన చాలా మార్చాడు. నవలలో ముసలమ్మ ఇందిర్ ఠాక్రూణ్ ఎప్పుడో మొదట్లోనే చనిపోతుంది. రాయ్ ఆమెని చాలాదూరం బతికించాడు, ఆ ఇంటి పిల్ల దుర్గకి తోడుగా ఉంచాడు. చాలా భాగం వదిలేశాడు. దుర్గ తండ్రి హరిహర్ నెలల తర్వాత ఇంటికి తిరిగొచ్చే సీన్ గుర్తుందా? దుర్గ చనిపోయిందని అతనికి తెలియదు. తెచ్చినవి ఒక్కొక్కటీ తీసి భార్య సర్వజయకి చూపిస్తుంటాడు. అప్పడాల కర్ర, పీట. లక్ష్మీదేవి పటం. దుర్గకి చీర. సర్వజయ ఆ చీర చేతిలోకి తీసుకుని, పంటి కింద నొక్కిపట్టి, కుప్పకూలి ఏడుస్తుంది. ఆ ఏడుపు మనకి వినిపించదు. ఆమె గొంతు తీసేసి అక్కడ తార్‌షెహనాయి అనే తంత్రీవాద్యం పెట్టాడు రాయ్. కూతురు పోయిందని ఆమె నోటితో చెప్పిన మాట ఒక్కటి లేదు. మాట తీసేస్తే సీన్ పెరిగింది. ఆ సినిమాని చూసి నవలని పాడుచేశారని ఎవరూ అనరు, మార్పులు 'గైడ్' కన్నా తక్కువేమీ కాకపోయినా.

ఇక మీ రెండో ప్రశ్న. అన్ని నవలలకీ ఒకే నియమం పనికిరాదు. సంఘటనల మీద నడిచే నవలైతే ఏది ముందైనా ఫర్వాలేదు. 'మాల్టీస్ ఫాల్కన్' సినిమా ముందు చూసి తర్వాత చదివితే పోయేదేమీ ఉండదు. తేల్చకుండా వదిలేసే నవలైతే తప్పకుండా ముందు చదవండి. 'వదరింగ్ హైట్స్', 'ది గైడ్', 'రెబెకా', 'గాట్స్‌బీ' ఈ జాబితాలోవి. వీటిని సినిమాగా ముందు చూస్తే, తర్వాత నవల చదువుతున్నప్పుడు కూడా సినిమా చెప్పిన జవాబే కళ్ళ ముందు ఆడుతుంది, నవల అడిగిన ప్రశ్న మీదాకా రాదు. 'ఫ్రాంకెన్‌స్టైన్' మాత్రం సినిమా ఇప్పటికే చూసి ఉన్నా వెంటనే చదవండి. ఆ ప్రాణి కొండ మీద కూర్చుని తన కథ తనే చెప్పుకునే అధ్యాయాలు మొదలయ్యేసరికి కార్లాఫ్ ముఖం దానంతటదే తప్పుకుంటుంది.